బాపు చూపించిన రోమ్

ఈ గల్ఫ్ దేశంలో నేనుండే రూవిలో, పాత సామాన్ల దుకాణంలో నిన్న ఓ ఎర్ర ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. మీకూ గుర్తుండే ఉంటుంది. గుండ్రటి అట్ట దూర్చి, కళ్ళకు ఆనించి, పక్కనున్న మీట నొక్కితే టక్కుమని బొమ్మ మారేది.

అప్పట్లో ఇదే దేశంలోని సోహార్‌లో కూలి పని చేసే మా బాపు సెలవుకు ఊరికొచ్చినప్పుడు అలాంటిదే తెచ్చాడు. దానికి సూట్‌కేసులోని అత్తరు, సబ్బుల వాసన పట్టింది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రోమ్ అంతా తిప్పేవాడు. "గిది రాజు కోట. ఈడ పోరగాండ్లు పడవల బడికి పోతరు. గా బల్ల మీద మనిద్దరం కూసుందాం బిడ్డా."

ఓ రోజు చుట్టాల ముందు, అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. "ఇది రోమ్ గాదు, వెనిస్. నీకు సదువు రాదు గద బాపూ."

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఎప్పుడు డబ్బా చేతికిచ్చినా, "నువ్వే చూడు బిడ్డా, నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు" అనేవాడు.

నిన్న దుకాణంలో నిలబడి మీట నొక్కాను. లోపల అదే వెనిస్ అట్ట. పేర్లన్నీ తప్పు లేకుండా చదివాను. బల్ల మీద ఎవరూ లేరు.