కోకో నిలబడినంత కాలం

చెట్లకు ఎర్ర రంగు పడిన రోజు నుంచి లారిబా కూర్చుని అన్నం తిన్నది లేదు. సంకటి గిన్నె చేత్తో పట్టుకునే తోటలోకి పోతుంది. నడుస్తూనే రెండు ముద్దలు మింగుతుంది. గిన్నె ఏ చెట్టు మొదట్లోనో పెట్టి ఇంకో చెట్టు చూడబోతుంది. వెనక్కొచ్చేసరికి గిన్నె నిండా చీమలు.

రంగు వేసింది ప్రభుత్వం మనుషులు. నుంబాక్రోమ్ ఊరి చుట్టుపక్కల కోకో తోటలకు ఉబ్బు తెగులు వచ్చింది. లేత కొమ్మలు వాతపు మోకాళ్ళలా ఉబ్బుతాయి, చిగురాకుల ఈనెలు ఎర్రబడతాయి, కాయలు నిమ్మకాయంత అయి ఆగిపోతాయి. చీమలు మోసే పిండిపురుగులతో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతుంది. మందు లేదు. నరికి, మోడులు పీకి, కొత్త మొక్కలు నాటుకోవడమే. తెగులున్న చెట్టు నడుముకు ఎర్ర పట్టీ వేసి, రెండు వారాల్లో రంపాలతో వస్తామని చెప్పి పోయారు. లారిబా తోటలో పట్టీ లేని చెట్టు వెతికితే గాని దొరకదు.

చెట్లు పోతాయన్న దిగులు కాదు ఆమెది. రైతుకూ చెట్టుకూ మధ్య బంధం గురించి సభల్లో గొంతు తడి చేసుకునేవాళ్ళు లారిబాను చూస్తే నిరాశ పడతారు. ఆ చెట్లంటే ఆమెకు విసుగు. ముప్పై ఏళ్ళుగా నడుం వంచి చాకిరీ చేయించుకున్నాయి, ఒక మోకాలు తినేశాయి, మొగుణ్ణి పాము కరిచింది కూడా వాటి నీడలోనే. వాటిని ఎవరు నరికినా ఆమెకు అభ్యంతరం లేదు. చెట్లతో పాటు నేల పోతుందన్నదే భయం.

ఆ నేల కథ పెద్దదేమీ కాదు. ముప్పై ఏళ్ళ కిందట లారిబా, ఆమె మొగుడు అయాంగా ఉత్తరాన ఎండదేశం నుంచి కట్టెల లారీ ఎక్కి ఈ అడవిలో దిగారు. ఇక్కడి ఆసామి అర్మా పెద్దాయన తన కుటుంబానికి చెందిన అడవి ముక్క చూపించాడు. వీళ్ళు కొట్టి, కాల్చి, అరటి నీడన కోకో నాటి పెంచారు. కాపుకొచ్చాక తోటను రెండు చేశారు. పడమటి సగం పెద్దాయనది, తూర్పు సగం వీళ్ళది. ఒప్పందం నాడు పెద్దాయన జిన్ను సారాయి సీసా మూత తీసి, నాలుగు చుక్కలు నేల మీద ఒలకబోసి, "కోకో నిలబడినంత కాలం ఈ సగం మీదే" అన్నాడు. ఇద్దరు సాక్షులు తలలూపారు. కోకో ఎన్నేళ్ళు నిలబడుతుందని అడగాలని అయాంగాకు తోచలేదు. ఎలా తోస్తుంది? సజ్జ చేను నాలుగు నెలలు పచ్చగా ఉంటే అదే పండగనుకునే చోటునుంచి వచ్చినవాడు. చెట్టు నిలబడినంత కాలం అంటే అతనికి ఎప్పటికీ అనే వినబడింది.

రంగు పడిన నాలుగో రోజు పొద్దున పెద్దాయన మేనల్లుడు ఎసిల్ఫీ తాడుచుట్ట భుజాన వేసుకుని లారిబా సగంలోకి వచ్చాడు. వాళ్ళలో ఆస్తి మేనల్లుడికే పోతుంది. పెద్దాయన ఇంకా బతికే ఉన్నా ఎసిల్ఫీ నడక అప్పుడే మారిపోయింది.

"ఏంటబ్బాయ్, నా తోటలో తాడుతో పని?"

"కొలుచుకుంటున్నా లారిబమ్మా. రేపు చెట్లు పడ్డాక ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో తెలియాలి కదా. రబ్బరు వేద్దామనుకుంటున్నా."

"శవం లేవకుండానే మంచం అడిగినట్టుంది నీ యవ్వారం."

"నన్నెందుకు తిడతావ్? మావయ్య అన్న మాటేగా. కోకో నిలబడినంత కాలం అన్నాడు. పడిపోతే ఇంకేముంది?"

"పడలేదుగా. కళ్ళు కనబడట్లేదా? అన్నీ నిలబడే ఉన్నాయ్. తాడు చుట్టేసి ఇంటికి పో."

ఎసిల్ఫీ నవ్వాడు. తాడు మాత్రం చుట్టలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె అర్మా పెద్దాయన ఇంటికి పోయింది. దారంతా తనలో తనే వాదించుకుంది. పెద్దాయన మంచివాడు, అబద్ధమాడడు, అయాంగా పోయినప్పుడు మేకపోతును పంపాడు. ఆయన ఒక్క మాట అంటే మేనల్లుడు నోరు మూసుకుంటాడు. ఆయన వాకిట్లో కర్రకుర్చీలో కూర్చుని చేమాకు కూరలో ఉడికించిన అరటికాయ ముంచుకుని తింటున్నాడు.

"పెద్దాయనా, ఆ రోజు మీరేమన్నారో ఎసిల్ఫీకి చెప్పండి."

ఆయన నమలడం ఆపాడు. "కోకో నిలబడినంత కాలం అన్నానమ్మా."

"సగం మాదన్నారు కదా?"

"అన్నాను. కోకో నిలబడినంత కాలం అని కూడా అన్నాను. సాక్షులు పోయారు గాని నేనున్నాగా. దేవుడు చూస్తుండగా తగ్గించీ చెప్పను, పెంచీ చెప్పను."

నిజాయితీపరుడి దగ్గరికి న్యాయం కోసం పోతే ఒక్కోసారి ఇలాగే జరుగుతుంది. మాట పొల్లుపోకుండా చెప్పి, ఆయన మళ్ళీ అరటికాయ ముక్క అందుకున్నాడు. అబద్ధాలకోరైతే కాళ్ళావేళ్ళా పడి ఏదో ఒకటి అనిపించేదాన్నని లారిబా దారిపొడవునా తిట్టుకుంది.

రెండు వారాలకు ఆఫీసరు అన్సా వచ్చాడు. బొజ్జ ముందు, తను వెనక. చేతిలో కాగితం. చెట్లు కొట్టాలంటే ఆసామి వేలిముద్రా కావాలి, సాగు చేసేవాళ్ళ వేలిముద్రా కావాలి. అర్మా వేలిముద్ర అప్పటికే పడి ఉంది.

"ఇక్కడ వెయ్యమ్మా."

లారిబా రెండు చేతులూ పైటలో చుట్టేసుకుంది. "వెయ్యను సారూ."

"ఇదేం పిచ్చి! కుళ్ళిన చెట్లు ఉంచుకుని ఏం చేసుకుంటావ్?"

"చూసుకుంటా."

"కొత్త మొక్కలు మేమే ఇస్తాం గదా."

"ఇస్తారు సారూ. ఎవరి నేలలో పెట్టుకోమంటారు?"

అన్సాకు ఆ ప్రశ్న అర్థమైంది, జవాబు మాత్రం ఆయన కాగితాల్లో లేదు. నెలాఖరుకు రంపాలు వేరే ఊళ్ళకు పోతాయని, తోట ముక్కలు ముక్కలుగా కొట్టడం కుదరదని, ఈలోపు తెగులు పక్క తోటలకు పాకితే ఆ పాపం ఆమెదేనని చెప్పి బండెక్కాడు. ఆ చివరి మాట గట్టు మీద నిలబడ్డ ఎసిల్ఫీ కూడా విన్నాడు. అతని పడమటి సగంలో ఇంకా ఒక్క పట్టీ లేదు. కాయలు పండుతున్నాయి.

లారిబా ఆశ అంతా అక్కడే ఉంది. రోజూ తెల్లారగానే గట్టు వెంట నడుస్తూ ఎసిల్ఫీ చెట్ల లేత కొమ్మల మీద కళ్ళు పెట్టేది. ఆమె వేలిముద్ర లేనిదే అతని చెట్లూ కొట్టరు కనుక, అతని చెట్టు ఉబ్బాలని కోరుకుంది. సిగ్గుపడకుండా కోరుకుంది.

అయితే తెగులుకు గట్టుకు ఇటు ఎవరో అటు ఎవరో తెలియదు. తూర్పు గట్టు అవతల తోట జిఫాది. ఆమె నది అవతలి దేశపు మనిషి, వేరే ఆసామి దగ్గర ఇదే లెక్కన చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకరి కాయలు ఒకరు కోస్తూ, ఒకరి మొగుళ్ళను ఒకరు తిడుతూ బతికారు.

"అక్కా, వేలిముద్ర వేసెయ్యవే," అంది జిఫా, గట్టు దాటి వచ్చిన మొదటి రోజు.

"వేస్తే నా బతుకేంటే?"

"వెయ్యకపోతే నా బతుకేంటి? గాలొస్తే నీ చీమలన్నీ నా తోటలోనేగా రాలేది."

"ఇంకో వారం ఆగు. వాడు దిగొస్తాడు."

"ఆ మాట నాతో గాదు, చీమలతో చెప్పు."

రెండో రోజు జిఫా బతిమాలింది. మూడో రోజు తిట్టింది. "ఎండదేశం దానివి, నీకు పచ్చటి చెట్టు విలువేం తెలుసు!" అంది. నాలుగో రోజు నుంచి రావడం మానేసింది. లారిబా గట్టు దాకా పోయేది, పిలుద్దామని నోరు తెరిచేది, పిలవకుండా పడమటి గట్టుకు మళ్ళేది. రోజుకు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో, గడ్డి చచ్చి దారి పడింది.

ఆఫీసరు వచ్చి పోయాక మూడో వారంలో ఎసిల్ఫీ చెట్టు ఉబ్బింది. గట్టుకు దగ్గరి వరసలో ఒకటి, మర్నాడు పక్కన ఇంకో రెండు. అతను ఆ సాయంత్రమే వచ్చాడు. ఈసారి తాడు లేదు.

"వేలిముద్ర వెయ్యి లారిబమ్మా. కొత్త కోకో నాటుకో. కాపుకొచ్చాక సగం నీకు."

"ఏది సగం? అంతా కలిపి సగమా, నా సగంలో సగమా?"

"నీ సగంలో సగం."

"అంటే పాతికేగా. రెండోసారి నడుం విరగ్గొట్టుకోడానికి పాతికా?"

"రబ్బరు వేస్తే అదీ లేదు."

"వేసుకో. ముందు నా చెట్లు పడాలిగా. నేను బతికుండగా పడవు. నీ కాయలు చూసుకుంటూ కూర్చో."

అతను లేచి వెళ్ళిపోయాడు. వాకిలి దాటి ఆగాడు. వెనక్కొచ్చాడు. పాతిక నుంచి ఒక్క అడుగు కదలలేదు, లారిబా ఎంత లాగినా. చివరికి ఆమె లాగడం మానేసి వేరే మాట ఎత్తింది.

"సరే, పాతికే. కాగితం మీద రాయాలి. నా పేరు, నా తరవాత నా కూతురి పేరు. ఎంత కాలమో కూడా రాయాలి."

"రాద్దాంలే. కోకో నిలబడి..."

"చెట్టు మాట ఎత్తితే చెయ్యి విరగ్గొడతా. ఏళ్ళు రాయి. యాభై ఏళ్ళు."

"యాభయ్యా! అప్పటికి నేనే ఉండను."

"నేనూ ఉండను. రాయి."

పెద్దాయన వాకిట్లో స్కూలు మేష్టారు రాశాడు, అన్సా సాక్షి సంతకం పెట్టాడు. లారిబా రెండు కాగితాల మీదా వేలిముద్ర వేసింది, ఎసిల్ఫీ కాగితం మీద ముందు, ప్రభుత్వం కాగితం మీద తరవాత.

రంపాలు రెండు రోజులు మోగాయి. ముప్పై ఏళ్ళ నీడ పోయి నేల మీద ఎండ పడింది. లారిబా ఏడుస్తుందేమోనని చూడ్డానికి నలుగురు వచ్చారు. ఆమె కొట్టేవాళ్ళ మీద అరుస్తోంది, పడే చెట్టు ఆసామి వైపు పడకుండా, అరటి పిలకల మీద పడకుండా. మూడో రోజుకే పడిన కొమ్మల సందుల్లో కొత్త పిలకలు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ పని మీద ఉండగా జిఫా గట్టు దాటి వచ్చింది. చేతిలో ఒక లేత కొమ్మ, కణుపు దగ్గర ఉబ్బి ఉంది. లారిబా పలుగు ఆపలేదు. ఆపితే మొహం చూడాలి.

"ఎన్ని చెట్లకి?" అంది చివరికి.

"రంగోళ్ళు నిన్న పదకొండింటికి వేశారు."

"జిఫా, నేను..."

"ఆ మాటలు నీ దగ్గరే ఉంచుకో. వాటితో నాకేం పని? నా ఆసామి కూడా పొద్దున తాడు పట్టుకుని వచ్చాడు. నువ్వేం చేసి రాయించుకున్నావో చెప్పు. వేలిముద్ర ముందు దేని మీద వెయ్యాలి, ఏం అడగాలి, ఎన్నాళ్ళు ఆపాలి, అన్నీ చెప్పు."

లారిబా పలుగు నేలలో గుచ్చింది. ఏళ్ళు రాయించుకో, చెట్టు మాట రానివ్వకు అని చెప్పింది. తన కాగితం ముందు, ప్రభుత్వం కాగితం తరవాత అని చెప్పింది. నీ ఆసామి సొంత చెట్టు ఉబ్బేదాకా ఆపాలి అని చెప్పబోయి ఆగింది.

"నీ అవతలి గట్టున తోట ఎవరిది?"

జిఫా చేతిలోని కొమ్మను అటూ ఇటూ తిప్పింది. "నాకు చెల్లెలి వరస పిల్లది. ఇద్దరు చిన్నబిడ్డలు. పోయినేడే కాపు పట్టింది."

ఇద్దరూ అటువైపు చూశారు. అటు చెట్లు ముదురు పచ్చగా ఉన్నాయి.

"ఎన్నాళ్ళు ఆపావక్కా నువ్వు?" అంది జిఫా.

"మూడు వారాలు."

"మూడు వారాలు," అంది జిఫా, గుర్తుపెట్టుకోడానికి.