ఫిక్సింగ్ ఆటగాడి సంతకం

నిన్న కరీంనగర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో, మ్యాచ్ ఫిక్సింగ్‌లో దొరికిపోయిన ఆ క్రికెటర్ సంతకం ఉన్న బంతి కొన్నాను. అతని సంతకాలు ఎక్కడ కనిపించినా వదలను.

గుర్తుందా దోస్తులూ, ఆ వార్త వచ్చిన సాయంత్రం నస్పూర్ కాలనీలో మనం అతని పోస్టర్లన్నీ కాల్చేశాం. రంగు కాగితం కాలిన ఘాటు ఇంకా నా ముక్కులోనే ఉంది. గని కార్మికుడైన మా బాపు హైదరాబాద్ వెళ్లి, ఎండలో నిలబడి అతనితో సంతకం చేయించి తెచ్చిన బ్యాట్ అప్పుడు నా చేతిలో ఉంది.

"గది గూడ మంటల ఎయ్యిరా!" అని మీరంతా అరిచారు. నేను వేయలేక ఇంటికి పరుగెత్తాను.

"తప్పు గాయన చేసిండు బిడ్డా. నీ ఇష్టం అబద్ధం కాదు గద, దాసుకో" అన్నాడు బాపు.

ఆ తర్వాత మీరెవరూ నన్ను ఆటకు పిలవలేదు. ఎండాకాలం సెలవులంతా క్వార్టర్ గోడకు బంతి విసిరి, నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు బాపు లేడు. సంతకాలతో బీరువా నిండింది కానీ, చూసేవాళ్లు లేరు. మీ మీద కోపం నాకెప్పుడో పోయింది. మీలో ఒక్కరైనా ఇంటికి రండి.