గంగుబాయి కప్పు మీది రాళ్లు

బాన్సువాడలో గంగుబాయి రేకుల ఇంటికి రెక్కలున్నాయని వాడకట్టులో పేరు. ఎండాకాలం చివర గాలిదుమారం లేస్తే చాలు, ఆమె ఇంటి కప్పు పక్కింటి హఫీజా వాకిట్లో వాలేది. వచ్చిన చుట్టానికి పీట వేసినట్టు, హఫీజా ఆ రేకులను గోడకు ఆనించి ఉంచేది. గంగుబాయి బీడీలు చుట్టడం ఆపి వెళ్లి తెచ్చుకునేది. మళ్లీ ఎక్కించి, పైన రాళ్లు పెట్టించేది. తలపైన ఆ బరువు ఉంటేనే ఆమెకు నిద్ర.

ఈ ఏడు భయపడీ భయపడీ విసిగి, గోడల మీద సిమెంటు పట్టీ పోయించింది. రేకులను ఇనుప కొక్కేలతో బిగించింది. గాలికి నిలిచేలా కట్టిన ఇంటికి బీమా కిస్తులో తగ్గింపు ఉందని ఏజెంటు భానుప్రసాద్ చెప్పాడు. ఆమెకు కావలసింది తగ్గింపు కన్నా, ఇల్లు ఎగరదని చదువుకున్నవాళ్లు ఎవరైనా రాసివ్వడం.

ఫొటో తీయడానికి వచ్చిన భానుప్రసాద్ పైకి చూసి ఫోను దించాడు.

“అవ్వా, ఇల్లు గట్టిగుంటే గా రాళ్లెందుకు?”

“గట్టిగుండాలెననే పెట్టిన బిడ్డా.”

రాళ్లు కనబడితే కంపెనీ నమ్మదన్నాడు. దొర్లితే ప్రమాదమనీ అన్నాడు. నిద్రపోయే పిల్లలను దింపినట్టు ఆమె ఒక్కొక్కటే దింపించింది. ఫొటో అయింది. అతని బండి మూల తిరగగానే రాళ్లు మళ్లీ పైకెక్కాయి. కొక్కేలు కొత్తవి, రాళ్లు పాతవాళ్లు.

తగ్గింపుతో బీమా కాగితం వచ్చిన కొన్నాళ్లకే, ఓ సాయంత్రం ఎండిన తునికాకు రంగులో దుమారం లేచింది. రేకులు వణికాయే గాని లేవలేదు. ఆ వణుకుకు ఒక రాయి జారి, హఫీజా వంటగది రేకు పగలగొట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది. ఆ వేళకు హఫీజా బయట ఆరేసిన బట్టలు తీస్తోంది.

ఆమె రాయిని రెండు చేతులా మోసుకొచ్చింది.

“గంగక్కా, ఏటా నీ కప్పు నా ఇంటికొస్తుండె, వాపసిస్తుంటి. ఈసారి నా కప్పే పాయె. ఇగ నువ్వేమిస్తవు?”

గంగుబాయి భానుప్రసాద్‌కు ఫోను చేసి, తన బీమాలో హఫీజా కప్పు వస్తుందా అని అడిగింది. రాదన్నాడు. ఆమె ఇల్లు మాత్రం నిలిచినందుకు సంతోషించాడు.

గంగుబాయి తన కప్పు బిగించినప్పుడు మిగిలిన పాత రేకునే హఫీజా వంటగదికి వేయించింది. రాళ్లన్నీ దింపించింది. ఇప్పుడు వాటి మీదే కూర్చుని ఇద్దరూ బీడీలు చుడుతున్నారు. గాలి లేస్తే గంగుబాయి కళ్లు ఇంకా పైకే పోతాయి. చిన్నరాయి ఒక్కటి ఇంట్లో ఉంచుకుంది. ఇల్లు ఎగరదని చెప్పే ఆ కాగితం ఫ్యాను గాలికి లేస్తుంటే, దాని మీద పెట్టింది.