సారుకు ఆ పేరెట్లా వచ్చిందంటే

పోయిన నెల ఒక ఉదయం, ఎల్లారెడ్డిపేటలో నేను పనిచేసే బడి స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని పేపర్లు దిద్దుతుంటే ఫోన్ మోగింది. మా బడి రోజుల ఆడపిల్లల వాలీబాల్ జట్టు గ్రూపులో మా కెప్టెన్ పెట్టిన మెసేజ్. "మన స్టాప్ సార్ పోయిండట. కోరుట్లల, ఇంట్లనే. పొద్దుగాల చాయ తాగి కుర్సీల కూసున్నడు, కూసున్నట్టే పోయిండట." కింద ఒకరి తర్వాత ఒకరు దండాలు పెట్టారు, ఏడ్చే బొమ్మలు పెట్టారు. అందరూ ఆ పేరే రాశారు. స్టాప్ సార్. సిరిసిల్లలో మా బడి ముందు నడిచిన వాళ్లెవరిని అడిగినా ఆ పేరే చెబుతారు. అసలు పేరు చాలామందికి తెలియదు.

ఆ పేరు ఆయనది కాదు. మా బాపుది. ఈ సంగతి సారుకు తెలుసు, బాపుకు తెలుసు, నాకు తెలుసు. సారు ముందు నిలబడి ఆ ముక్క ఒక్కసారి చెప్పాలని బాపు ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాడు. బతుకమ్మ పండుగ అయినంక పోదామన్నాడు, అక్క కాన్పు అయినంక పోదామన్నాడు, మోకాళ్ల నొప్పులు తగ్గినంక పోదామన్నాడు. కోరుట్ల ఎంత దూరమని. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు.

ఫోన్లో చెబితే బాపుకు వినపడదు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. జీవితమంతా సాంచాల మధ్య నిలబడ్డవాళ్లకు చెవులు మిగలవు. అందుకే సాయంత్రం ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాను. నా పెదాల వైపే చూశాడు. "నేను చెప్పేదుండె" అన్నాడు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి మంచినీళ్లు తెచ్చింది, తాగలేదు.

సారు మా బడికి పీఈటీగా వచ్చినప్పుడు మేం ఏడో తరగతి. ఊరు మేడిపల్లి వైపు, వ్యవసాయం చేసే కుటుంబం. సాంచాలంటే ఏమిటో తెలియని మనిషి. వచ్చిన వారం రోజుల్లోపే బడి గోడకు, బయటి వైపు, వీధిలో పోయేవాళ్లకు కనబడేలా ఒక నల్ల రంగు పలక గీయించారు. పైన 'బడి ముచ్చట్లు' అని పెద్ద అక్షరాలు. రోజూ ప్రార్థనకు ముందే సుద్దముక్కతో రాసేవారు. ఫలానా ఆయన బిడ్డ పరుగుపందెంలో మండలం మొత్తానికి ఫస్టు. కండెలు చుట్టే ఫలానా ఆమె కొడుకు ఎక్కాలు తప్పులేకుండా అప్పజెప్పిండు. తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ల నాయనమ్మకు సంతకం నేర్పింది. షిఫ్టుకు పోయేవాళ్లు టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని ఆగి, కూడబలుక్కుని చదివేవాళ్లు. అక్షరం పెద్దగా ఉండేది అందుకే. తన బిడ్డ పేరు కనబడ్డనాడు ఆ మనిషి షెడ్డుకు ఆలస్యంగా పోయేవాడు.

పలక మీద సారుది ఒకటే పద్ధతి. "గెలిస్తె పిల్లల ముచ్చట, ఓడితె సారు ముచ్చట" అనేవారు. జట్టు గెలిస్తే ఆడిన పిల్లలందరి పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు. ఓడిపోతే 'పీఈటీ సారు సరిగ్గ నేర్పలే' అని ఒకే ముక్క. హెడ్మాస్టరు ఒకసారి, "ఏందయ్యా, నీ బద్నాం నువ్వే రాసుకుంటవా?" అని అడిగారు. "నా నౌకరి పోదు సార్. పొల్ల పేరు రాస్తె దాని ఆట బందైతది" అని సారు జవాబు. ఆయన కోపం కూడా అట్లాగే ఉండేది, రెండు ముక్కల్లో అయిపోయేది. బూట్లు లేవని ఆటకు రాని పిల్లను చూసి తన బూట్లు విప్పి గోడ పక్కన పెట్టేసి, ఆ ఏడాదంతా ఉత్త కాళ్లతోనే మాతో ఉరికారు. ఎందుకని అడిగితే "కాళ్లకు గాలి తగలాలె" అన్నారు. అబద్ధాలు ఆయనకు చక్కగా వచ్చేవి.

ఆయనకు ఒకటే దిగులు. మా ఆట చూడటానికి మా వాళ్లెవరూ రారని. పొద్దంతా సాంచాల మీద నిలబడే మనిషి మ్యాచుకు ఎట్లా వస్తాడు? సారు మాత్రం వదలలేదు. షెడ్డు షెడ్డుకూ తిరిగేవారు. లోపల సాంచాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినబడదు, అంతా చేతి సైగలే. సారు మొదటిసారి గుమ్మంలో నిలబడి, బాల్ ఆట ఉంది రమ్మని చెప్పడానికి రెండు చేతులు గుండ్రంగా తిప్పారు. మా సైగల్లో దానికి అర్థం దారం చుట్టిన భీము అయిపోయిందని. లోపలున్న పెద్దాయన ఉలిక్కిపడి సాంచా ఆపేసి భీము వైపు పరుగెత్తాడు. చూస్తే భీము నిండుగా ఉంది. సారును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడట. సారు నవ్వుతూ వచ్చి మాకు చెప్పుకున్నారు. ఆ మరుసటి రోజు నుంచే ఆ సైగలన్నీ మా దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు.

అందులోంచే మా ఆట పుట్టింది. మేం సాంచాల చప్పుడులో పెరిగిన వాళ్లం, మెల్లగా మాట్లాడటం మాకు చేతకాదు. గ్రౌండులో కేకలు పెట్టేవాళ్లం. "మీరు ఒర్లుతుంటె బాల్ ఎవలు కొడుతరో అవుతలోళ్లకు తెలుస్తున్నది. నోర్లు మూసి చేతులతోని మాట్లాడుర్రి" అన్నారు సారు. షెడ్డు సైగలనే ఆటలో పెట్టారు. షెడ్డులో ఎవరైనా చెయ్యి తల పైకి లేపి అరచేయి చూపిస్తే ఆపు అని, పోగు తెగిందని. ఆటలో అదే సైగకు బాల్ బయటికి పోతుంది, ముట్టకు అని అర్థం. అన్నం డబ్బా తీసుకుని షెడ్డుకు పోయే మాకు అది నేర్పనక్కరలేదు. ఆ చెయ్యి లేస్తే దగ్గరున్న వాళ్లు వెంటనే స్విచ్చు ఆపాలి, ఆలోచించకూడదు. మా ఎదుటి జట్లకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఆ ఏడాది మేం ఎవరి చేతిలోనూ ఓడకుండా ఫైనల్ దాకా పోయాం.

ఫైనల్ జగిత్యాలలో. గెలిస్తే రాష్ట్రస్థాయి ఆటలకు పోతాం. సారు బాపు పనిచేసే షెడ్డుకు వచ్చి, ఈసారి తప్పులేని సైగతో బాపును పిలిచారు. బాపు షెడ్డు నడిపే ఆసామిని బతిమాలి ఒక పూట సెలవు తీసుకున్నాడు. పెళ్లిళ్లకని దాచుకున్న తెల్లంగీ వేసుకున్నాడు. మాతోపాటు వచ్చిన తండ్రి ఆయనొక్కడే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరు అడిగినా అడగకపోయినా "మా బిడ్డ ఆడుతది" అని చెబుతూ పోయాడు. నాకు సిగ్గేసింది, అట్లా చెప్పడం ఇష్టంగానూ ఉంది.

చివరి సెట్టు దాకా పోయింది ఆట. వాళ్లకు ఇంకొక్క పాయింటు చాలు. అంతకు ముందే ఒక బాల్ కోసం మట్టిలో పడి నా మోకాలు చీరుకుంది. నొప్పి తెలియలేదు. అవతలి నుంచి బాల్ ఎత్తుగా లేచి, నా తల మీదుగా వెనుక గీత వైపు వస్తోంది. రెండడుగులు వెనక్కి వేస్తే అందుతుంది. అప్పుడు సారు నిలబడిన వైపు ఒక చెయ్యి పైకి లేచింది. అరచేయి తెరిచి. నేను ఆగిపోయాను. బాల్ గీతకు లోపలే పడింది.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టి ఊపింది. "ఎందుకు ఇడిశిపెట్టినవే? అందే బాల్‌ను ఎందుకు ఇడిశిపెట్టినవ్?" నేను అటు చూశాను. సారు వెనకాల బాపు, ఇంకా దించని చేతితో, నా మోకాలి వైపే చూస్తున్నాడు. మేజోడు దాకా నెత్తురు కారిందని నాకు అప్పుడే తెలిసింది. సారు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. వెంటనే ఒక అడుగు ముందుకు వేసి, బాపు కనబడకుండా నిలబడ్డారు. "నేనే లేపిన బిడ్డా. బయటికి పోతదనుకున్న" అన్నారు కెప్టెన్‌తో.

ఆ పిల్ల ఆయన ముఖం చూడకుండా కూర్చుని ఏడ్చింది. రాష్ట్రస్థాయిలో ఆడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుందని ఆశపడ్డ పిల్ల. పదో తరగతితో ఆట ఆపేసింది, ఇప్పుడు టైలరింగ్ షాపు నడుపుతోంది. స్టాప్ సార్ అన్న పేరు పెట్టింది తనే, కోపంతో. తర్వాత కోపం పోయింది, పేరు ఉండిపోయింది. సారు కొత్తగా చేరిన పిల్లల చేత కూడా అట్లాగే పిలిపించుకున్నారు.

మరునాడు పలక మీద 'ఫైనల్‌లో ఓడిపోయాం. చెయ్యి లేపింది పీఈటీ సారు' అని ఉంది. బాపు షిఫ్టుకు పోతూ ఆగి చదివాడు. ఆ మర్నాటి నుంచి వేరే గల్లీ మీదుగా తిరిగి పోవడం మొదలుపెట్టాడు. నా ఆటకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. నేను ఒకసారి సారు దగ్గరికి పోయి, "సార్, ఆ రోజు మా బాపు..." అనబోయాను. "గ్రౌండుల ముచ్చట గ్రౌండులనే ఇడిశిపెట్టాలె. పో, నెట్టు కట్టు" అన్నారు. నేను పోయి నెట్టు కట్టాను. పెద్దవాళ్లు వాళ్లే మాట్లాడుకుంటారనుకున్నాను. సారు రిటైరై కోరుట్ల పోయారు. బాపు పండుగలు లెక్కబెట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు.

పెద్దకర్మ అయ్యాక, పాత విద్యార్థులం కలిసి మా బడి గ్రౌండులోనే సంతాప సభ పెట్టాం. కోరుట్ల నుంచి సారు భార్య వచ్చారు. బాపును నేనే తీసుకుపోయాను. చివరి వరుసలో కూర్చున్నాడు. మైకు పట్టుకున్న వాళ్లంతా సారు మంచితనం చెప్పి, చివరికి ఆ ఫైనల్ దగ్గరికి వచ్చేవాళ్లు. "ఒక్క చెయ్యి లేపి మా కొంప ముంచిండు" అని ఒకరంటే, ఏడుస్తున్న వాళ్లు కూడా నవ్వారు. బాపుకు వినపడదు గానీ పెదాలు చదవడం సాంచాల దగ్గర అందరికీ వచ్చిన విద్యే. ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఆయన తల ఇంకొంచెం కిందికి దిగింది. ఉన్నట్టుండి లేచాడు. నేను పట్టుకోబోయే లోపలే మైకు దగ్గరికి పోయాడు.

వినపడని మనిషి కాబట్టి గొంతు పెద్దగా వచ్చింది. "నాకు మాట్లాడరాదు. ఆ చెయ్యి సారుది కాదు, నాది. బిడ్డ మోకాలు పలిగి నెత్తురు కారవట్టె. చూడబుద్ధి కాలే. ఆపుమని లేపిన. షెడ్డుల ఉన్న అనుకున్న. సారు నా ముందటికచ్చి నిలవడ్డడు." పక్కనున్న సారు ఫోటో వైపు తిరిగాడు. "సారు బతికున్నప్పుడే చెప్పకపోతి. ఏ మొకం పెట్టుకొని పోవాలె అని గట్లనే ఉన్న."

మా కెప్టెన్ కొంగుతో ముఖం కప్పుకుంది. సారు భార్య లేచి బాపు దగ్గరికి వచ్చి, ఆయనకు కనబడేలా ఎదురుగా నిలబడ్డారు.

"మాకు ఎరుకే అన్నా. ఆయన ఆ రోజు ఇంటికచ్చి చెప్పిండు. 'షెడ్డు ఇడిశిపెట్టి అచ్చిన మొదటి మనిషి. ఇయ్యాల తలకాయ దించుకొని పోతె మల్ల రాడు. ఆయనను చూసి ఇంకెవలూ రారు' అన్నడు. గందుకే తన మీద ఏసుకున్నడు. ఇగ గప్పటిసంది యేడ మ్యాచ్ అయినా లైను పక్కకు ఒక కుర్సీ ఎక్కువ ఏపిచ్చెటోడు. ఎవలకు అంటె, ఆయన అస్తడు అనెటోడు." ఆమె గొంతు తగ్గింది. "మీరు రాకపోతిరన్నా."

నిష్ఠూరంగా అన్న మాట కాదది. అట్లా అని ఉంటే బాపుకు కొంచెం నయంగా ఉండేదేమో. నాకూ నయంగా ఉండేది. సారు అన్నేళ్లు మోసిన పేరుకు ఆయన అడిగిన బదులు ఒక్కటే, బాపు వచ్చి కూర్చోవడం. అదొక్కటే మేం ఇవ్వలేదు.

సభ అయిపోయింది. చాయలు తాగి ఒక్కొక్కరే పోతున్నారు. బడి పిల్లలు, ఇప్పటి ఆడపిల్లల జట్టు, సాయంత్రం ఆటకు నెట్టు కట్టుకున్నారు. బాపు సభకు వేసిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఎత్తుకుని పోయి, లైను పక్కన వేసుకుని కూర్చున్నాడు. నేను ఆయన ఎదురుకు పోయి, చీకటి పడకముందే ఇంటికి పోదామని చెప్పాను.

"ఆట అయినంక పోదాం" అన్నాడు, చూపు మళ్లీ గ్రౌండు వైపు తిప్పుకుంటూ.

ఆ పిల్లల్లో మాకు తెలిసిన వాళ్లు ఒక్కరూ లేరు. ఎవరి బిడ్డలో. ఒక పిల్ల సర్వీసు కొట్టబోతూ, ఎవరీ తాత అన్నట్టు ఇటు చూసింది. బాపు కుర్చీలో సర్దుకుని, ఆడు బిడ్డా అన్నాడు.