అడకత్తెరతో పెంచిన కలె చెట్టు

ముళ్ళు లేని నల్లపండ్ల మొక్క ఏదో నర్సరీలో దొరుకుతుందని మొన్న మా కోడలు సంబరపడుతూ చెప్పింది. "ఒక్క ముల్లు కూడా ఉండదట అత్తమ్మా, తెచ్చుకుందామా?" అంది. నాకు నవ్వాగలేదు. ఓసి పిచ్చిపిల్లా! జర్మనీ యుద్ధం రోజుల్లోనే సిద్దిపేటలో మా పెరట్లో ఉండేది ముళ్ళు లేని చెట్టు. కాకపోతే దాన్ని దేవుడు ముళ్ళతోనే పుట్టించాడు, మా అమ్మ తీసేసింది.

అది కలె చెట్టు. కలివి అని కూడా అంటారు. గుట్టల మీద పొదలుపొదలుగా పెరుగుతుంది. వానాకాలంలో నిగనిగలాడే నల్లటి పండ్లు, తీపీ పులుపూ కలిసిన రుచి. నాలుగు తింటే చాలు, పెదవులు నల్లబడతాయి. కానీ కొమ్మ కొమ్మకూ జంట ముళ్ళు. అమ్మ పుట్టిల్లు హుస్నాబాద్ అవతల, గుట్టల పక్కన. పెళ్ళయ్యేదాకా ఆ పొదల్లోనే తిరిగిందట. సిద్దిపేటకు వచ్చాక బాపు బట్టల దుకాణం, దాని వెనకున్న ఇల్లు, అంతే. గడప దాటితే "ఏడికి?" అని అడగడానికి మా నాయినమ్మ ఉండనే ఉంది.

ఒక ఏడు మా మేనమామ మోదుగాకు దొప్పలో కలె పండ్లు తెచ్చాడు. యుద్ధం పుణ్యమా అని చక్కెర కంటికి కనబడని కాలం. సగం దొప్ప నేనే ఖాళీ చేశాను. అమ్మ ఒక్కొక్కటే తిని, గింజలు కొంగున ముడేసుకుని, తర్వాత బావి పక్కన నాటింది. మొక్క జానెడు ఎదిగిందో లేదో, నాయినమ్మ చేతికి ముల్లు తగిలింది.

నాయినమ్మ కళ్ళకు అప్పటికే పొర కమ్మింది. అయినా ఇంట్లో ఏ మూల ఏముందో ఆమెకు తెలియకుండా ఉంటే ఒట్టు.

"ముండ్ల చెట్టు ఇంట్ల వెడ్తరానే ఎవలన్న? ముండ్ల చెట్టున్న ఇంట్ల కొట్లాటలు ఒడువయి. పీకి అవతల పారెయ్యి" అంది.

"ముండ్లుంటేనే కద అత్తమ్మా కొట్లాటలు? లేకుంటేనో?" అంది అమ్మ.

"ముండ్లు లేని కలె చెట్టా! పగటికల కన్నవా ఏంది?"

అమ్మ అత్తగారికి ఎదురు మాట్లాడటం నేను చూసింది అప్పుడే. "తల్లిగారింటి నుంచి నేను సొమ్ములేం తెచ్చుకోలే. గిదొక్కటి ఉండనియ్యి అత్తమ్మా. ఒక్క ముల్లు ఉంచ."

నాయినమ్మ నములుతున్న ఆకు పక్కకు ఊసింది. "సరే. ఎవలకన్న ఒక్క ముల్లు గుచ్చుకున్నదా, ఆ దినమే పొయిల వెడ్త" అంది.

ముళ్ళు తీయడమంటే మాటలా! చాకు పెడితే జారిపోతుంది, చేత్తో విరిస్తే వేలు చీరుకుంటుంది. వాటిని మొదలంటా కత్తిరించేది ఇంట్లో ఒక్కటే ఉంది, నాయినమ్మ ఆకువక్కల సంచిలోని అడకత్తెర. మధ్యాహ్నం ఆమె కునుకు తీయగానే అమ్మ పిల్లిలా వెళ్ళి ఆ సంచి విప్పేది. నేను కాపలా. కొత్త చిగుళ్ళకు వచ్చిన ముళ్ళన్నీ కత్తిరించి, మళ్ళీ సంచిలో పెట్టేసేది. కలె కొమ్మ తెగితే తెల్లటి పాలు కారతాయి. ఎండితే జిగట.

నాయినమ్మ లేచి వక్క కత్తిరిస్తూ గొణిగేది. "ఏందో ఈ అడకత్తెర, వేలికి అంటుకుంటది. గీ దుకాణపోడు వక్కలకు బెల్లం పూసి అమ్ముతుండా ఏంది?"

నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఉండటానికి నానా యాతన పడేవాళ్ళం. అప్పుడప్పుడు నాయినమ్మ వెళ్ళి చెట్టంతా అరచేత్తో తడిమి, "ఊఁ" అని వచ్చేది. ముళ్ళు లేవన్న మాటే గానీ మా ఇంట్లో కొట్లాటలకేం కరువు లేదు. కూరలో ఉప్పెక్కువైనా కొట్లాటే, తక్కువైనా కొట్లాటే.

మూడో ఏడు చెట్టు నా ఎత్తు దాటింది. ఉగాదికి ముందు తెల్లగా పూసింది. పెరడంతా మల్లెల్లాంటి వాసన. సరిగ్గా అప్పుడే అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్ళాల్సి వచ్చింది. నా తర్వాత పుట్టిన ఇద్దరూ దక్కలేదు. ఈసారి తల్లి దగ్గరే ఉండాలని బాపు పట్టుబట్టాడు. నాయినమ్మకు చేతికింద సాయంగా నన్ను ఉంచేశారు. బండి ఎక్కేముందు అమ్మ నా గడ్డం పట్టుకుని, "బిడ్డా, చెట్టు పైలం" అంది. ఏడుపొచ్చినా ఆపుకుని తలూపాను.

తొలకరి పడింది. చెట్టుకు ఎక్కడెక్కడి నుంచో చిగుళ్ళు, వాటితోపాటు ముళ్ళు. నాయినమ్మ ఆ ఎండల నుంచీ సంచి తల కింద పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది, అడకత్తెర నాకు అందదు. చాకుతో ప్రయత్నించాను. బొటనవేల్లో ముల్లు దిగి విరిగింది. గట్టిగా ఏడిస్తే చెట్టు పోతుంది. పరికిణీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాటికి వేలు వాచింది. అన్నం కలపలేకపోయాను.

"ఎందుకు తింటలేవే?" అని నాయినమ్మ నా చెయ్యి లాక్కుని వేలు తడిమింది. సూది తెప్పించి, తడుముకుంటూనే ముల్లు తీసింది, పసుపు అద్దింది. తర్వాత సంచి చేతపట్టుకుని గోడ ఆనుకుంటూ పెరట్లోకి నడిచింది. పరుగెత్తి ఆమె కొంగు పట్టుకున్నాను.

"అమ్మ వచ్చేదాకన్న ఉంచు నాయినమ్మా! నీ కాళ్ళు మొక్కుత!"

ఆమె చెట్టు దగ్గర చతికిలబడి, ఒక కొమ్మ తడిమి పట్టుకుని, సంచిలోంచి అడకత్తెర తీసింది. టక్కుమని ఒక ముల్లు రాలింది.

"ఏడిస్తే ముండ్లు రాలుతయా? కండ్లు లేనిదాన్ని, ఏడున్నయో చెప్పుకుంట కూసో" అంది. ఇంకో నాలుగు రాల్చాక, "మీ అమ్మకు చెప్పినవో, వీపు పగులుతది" అంది.

నేను ఒక చోట కూర్చునే పిల్లనా? ఆటకు పోయేదాన్ని. నేను లేనప్పుడు ఆమె వేళ్ళతోనే వెతుక్కునేది. పండ్లు పండాయి. రాలినవి తప్ప నన్ను ముట్టనిచ్చేది కాదు. "పుల్లగ తినబుద్దయ్యే దినాలల్ల మీ అమ్మకు దొరకకపాయె. వచ్చినంక తింటది" అనేది.

శ్రావణంలో అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని బండి దిగింది. కాళ్ళు కడుక్కుంటూనే బావి వైపు చూసింది. చెట్టు ఉంది. దగ్గరికి వెళ్ళి కొమ్మలు నిమిరింది. నున్నగా ఉన్నాయి. "అన్ని నువ్వే తీసినవా బిడ్డా?" అని నన్ను దగ్గరికి తీసుకుంది. వీపు గుర్తొచ్చి నేను నోరు విప్పలేదు.

"చెట్టు సంబరమేనా, పిల్లగాన్ని ఇచ్చేదున్నదా?" అని అరుగు మీంచి నాయినమ్మ కేకేసింది. తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని మొహమంతా వేళ్ళతో తడిమి చూసింది. ఆ వేళ్ళ కొసల నిండా నల్లటి ముల్లు గాట్లు. అమ్మ వాటినే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నా చేతులు తిప్పి చూసింది. బొటనవేలు మీద ఒక్క మచ్చే ఉంది.

మధ్యాహ్నం నాయినమ్మ పిల్లవాణ్ణి పక్కలో వేసుకుని కళ్ళు మూసుకుంది. అమ్మ అలవాటు ప్రకారం అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, ఆమె తల పక్కన పెట్టుకున్న సంచి విప్పి అడకత్తెర తీసింది.

"ఇగనన్న తుడిచి వెట్టవే" అంది నాయినమ్మ కళ్ళు తెరవకుండానే. "మూడేండ్ల సంది నీ చెట్టు పాలతోనే వక్కలు తింటున్న."

అమ్మ ఉన్నచోటే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"మెల్లగనే, పిల్లగాడు లేస్తడు" అంది నాయినమ్మ. "పోయి పండ్లు తెంపుకో పో. పిట్టలు తినంగ నీకోసం గవే మిగిలినయి."