అంబలి బండికి కట్టిన అట్టముక్క

పెందుర్తిలో మా క్లినిక్ పక్కన ఒకావిడ ఈమధ్య చోడి అంబలి అమ్ముతోంది. పొద్దున్నే తాళం తీస్తుంటే పులిసిన పిండి ఉడుకుతున్న వాసన తగులుతుంది. చోళ్ళంటే రాగులే, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మాకు ఆ పేరే తెలియదు. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి దువ్వాడలో కాపురం పెట్టాక, పక్క వాటాలో ఉండే అప్పలకొండమ్మ పిన్ని ఇచ్చిన గ్లాసుతో దాని పేరూ రుచీ నేర్చుకున్నాను. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ వాసనకి నాకు ఆకలి వేస్తుంది, ఆ వెనకే సిగ్గూ వేస్తుంది. ఆ సిగ్గు గురించే రాయాలి.

పిన్ని సాయంత్రం చోడిపిండి నీళ్ళలో కలిపి పులియబెట్టేది. తెల్లారాక నూకలు ఉడికించి, అందులో ఆ పిండి పోసి కాచి, చల్లారాక మజ్జిగ కలిపి, ఆటోనగర్‌లో తోపుడు బండి మీద అమ్మేది. వెల్డింగ్ షెడ్ల వాళ్ళు ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటూ నిలబడే తాగేవారు. పిండిని మాత్రం ఎప్పుడూ జల్లించేది కాదు. నేనప్పుడు పోషకాహారం మీద డిగ్రీ చదువుతున్నాను. ఓ ఆదివారం సాయానికి వెళ్ళి, జల్లిస్తే మెత్తగా ఉంటుంది కదా అని సలహా ఇచ్చాను.

“పొట్టు తీసీసి ఇంకేటి తాగుతారమ్మా, ఉత్త గంజా?” అంది.

ఆ వారమే క్లాసులో తెలిసింది, పిన్ని మాటే రైటని. చోళ్ళ పొట్టులోనే పాలీఫినాల్స్ ఎక్కువ. అవి యాంటీ ఆక్సిడెంట్లు. కణాలకు జరిగే ఒక రకం నష్టాన్ని అడ్డుకోగలవనీ, పిండిపదార్థం చక్కెరగా మారే వేగాన్ని కొంత తగ్గించవచ్చనీ ప్రయోగశాలల్లో చూశారట. మనిషి ఒంట్లో ఎంతవరకు పనిచేస్తాయో ఇంకా తేలాల్సి ఉందని కూడా మేడమ్ చెప్పారు. ఆ చివరి మాట నేను నోట్సులో రాసుకోలేదు. సగం వింటే చాలు, మిగతా సగం నేనే చెప్పగలననే ధీమా అప్పట్లో నాది.

పిన్నికి చదువు రాదు. నేనే ఓ పెద్ద అట్టముక్క మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘చోడి అంబలి, షుగర్‌కు విరుగుడు’ అని రాసి బండికి కట్టాను.

“ఏటి రాసినావమ్మా?” అని అడిగింది.

“ఒంటికి మంచిదని రాశాను పిన్నీ.”

“అయితే ఉండనీ,” అని మురిసిపోయింది. బేరం పెరిగింది. అదంతా నా చదువు చలవేనని నేను కాలేజీలో గొప్పలు పోయాను.

రోజూ మొదటి గ్లాసు తాగే వెల్డర్ సత్తిబాబు రెండు నెలల తర్వాత కనిపించడం మానేశాడు. నిప్పురవ్వ పడి పాదం మీద అయిన పుండు మానక ఆస్పత్రిలో చేరాడని షెడ్డువాళ్ళు చెప్పారు. పిన్ని నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. అప్పటికే చిటికెనవేలు తీసేశారు.

“షుగరు మాత్రలు మానీసినావంటరా? ఏటొచ్చింది నీకు?” అంది పిన్ని.

“నీ బోర్డు మీద విరుగుడని ఉంది కదప్పా,” అన్నాడతను, తప్పు తనదే అన్నట్టు. “రెండు పూటలా నీ అంబలే తాగినాను.”

పిన్ని నా వైపు చూసింది. ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాక అడిగింది.

“నువ్వు రాసింది నిజమేనా?”

“పొట్టులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి పిన్నీ, పరిశోధనల్లో…”

“నానడిగింది అది కాదు. నా అంబలి ఆడి షుగరు తగ్గిస్తాదా?”

“కొంచెం మేలు చేయొచ్చు. ఎంతో తెలీదు. మాత్రల బదులు మాత్రం కాదు.”

“మరి ఆ ముక్క ఎందుకు రాయలేదమ్మా?”

చదవేస్తే ఉన్న మతి పోయిందనేది నాలాంటి వాళ్ళని చూసే అనుంటారు. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆవిడ తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

మర్నాడు అట్టముక్క పొయ్యిలో పెట్టి, నన్ను ఆ రోజుకి కాలేజీ మాన్పించి ఆటోనగర్ తీసుకెళ్ళింది. “నానెందుకు సెప్తాను? రాసింది నువ్వు, నువ్వే సెప్పు,” అంది. షెడ్డు షెడ్డుకీ వెళ్ళి, నేను రాసింది తప్పు, అంబలి తాగండి గానీ మాత్రలు మానకండి అని గ్రైండర్ల మోతలో అరిచి చెప్పాను. కొందరు నవ్వారు. లేత్ మిషన్ దగ్గర ఒక పెద్దాయన మాత్రం పని ఆపి, “నానూ మానీసినాను తల్లీ,” అన్నాడు. పిన్ని ఆ పూటే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

అప్పట్నుంచి షుగర్ ఉన్నవాళ్ళని “మాత్ర ఏసుకున్నావా?” అని అడిగాకే గ్లాసు నింపేది. విసుగొచ్చి కొందరు వేరే బండికి పోయారు. “పోనీ, ఆళ్ల కాళ్ళు ఆళ్లకుంటే సాలు,” అనేది. నన్ను మాత్రం మళ్ళీ ఒక్క మాట అనలేదు. ఆవిడంటే నాకు ప్రాణం.

ఇప్పుడు ఏం తినాలో చెప్పడమే నా ఉద్యోగం. చోళ్ళ గురించి అడిగినవాళ్ళకి పొట్టులో ఏముందో చెబుతాను, దాంతో ఎంత మేలో నాకు తెలియదనీ చెబుతాను. మొహం చిన్నబుచ్చుకుని లేచిపోయేవాళ్ళు ఉంటారు. సత్తిబాబు ఆర్నెల్లకోసారి వస్తాడు. కుర్చీలో కూర్చోగానే, చెప్పమనకుండానే చెప్పు విప్పి పాదం ముందుకు చాపుతాడు. కింద కూర్చుని మిగిలిన నాలుగు వేళ్ళూ ఒక్కొక్కటే పట్టుకుని చూస్తాను.