దోసకాయ చేదు

ఐటీ ఊపు మీదున్న రోజులవి. ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే ఒక కంపైలర్‌ను రెండేళ్లు ఒంటరిగా రాశాను. దాని తొలి రూపాన్ని, తప్పులుంటే చెప్పమంటూ, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి నెలైంది. ఒక్క మెయిలూ రాలేదు.

చేవెళ్లలో బస్సెక్కితే, పక్కన కూర్చున్న అవ్వ గంపలోంచి దోసకాయ తీసి, కోసి, ముక్క నా చేతిలో పెట్టింది.

"తొలి కాపు బిడ్డా. జరమొచ్చి నా నోటికి రుచి తెలుస్తలేదు. చేదున్నదా చూడు, అంగట్ల ఇజ్జత్ పోతది."

చేదుగానే ఉంది. అయినా "బాగుందవ్వా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "మంచిగున్నదని అందరంటరు. చేదున్నదని చెప్పెటోడే దొరకడు," అంటూ గంపెత్తుకొని మొయినాబాద్‌లో దిగిపోయింది.

ఆ సాయంత్రం మొదటి మెయిల్ వచ్చింది. 'చాలా బాగుంది' అని ఒకే మాట.

నోట్లో దోసకాయ చేదు ఇంకా పోలేదు.